పలుచనైన ఆదివారం: ఎన్‌ఎఫ్‌ఎల్ షెడ్యూలు, టీవీ రేటింగ్‌ల లెక్క

2016 సెప్టెంబర్ 26, సోమవారం రాత్రి. న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో సెయింట్స్, అట్లాంటా ఫాల్కన్స్ జట్లు తలపడుతున్నాయి. కత్రినా తుపానుకు దెబ్బతిన్న ఆ స్టేడియం మళ్లీ తెరుచుకుని అప్పటికి పదేళ్లు. తెరుచుకున్న రోజు ఆడింది కూడా ఈ రెండు జట్లే. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు అంతకన్నా మంచి సందర్భం దొరకదు. కానీ సరిగ్గా అదే సమయానికి వేరే చానెళ్లలో హిల్లరీ క్లింటన్, డొనాల్డ్ ట్రంప్ మధ్య మొదటి చర్చ నడుస్తోంది. దాన్ని సుమారు 8.4 కోట్ల మంది చూశారు. ఆట వైపు చూసినవాళ్లు తక్కువ.

ఆ సీజన్ మొత్తం అలాగే సాగింది. అమెరికాలో టీవీకి తిరుగులేని సరుకు అనుకున్న నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, ఒక్కసారిగా జారడం మొదలుపెట్టింది. 2015లో రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌ని సగటున 1.79 కోట్ల మంది చూస్తే, 2016లో అది 1.65 కోట్లకు, 2017లో 1.49 కోట్లకు పడింది. రెండేళ్లలో ఆరో వంతు ప్రేక్షకులు తగ్గినట్టు. మొదటి ఏడాది తప్పంతా ఎన్నికల మీద వేశారు. రెండో ఏడాది ఎన్నికలు లేవు కాబట్టి, జాతీయ గీతం పాడేటప్పుడు మోకాలి మీద కూర్చుని నిరసన తెలిపిన ఆటగాళ్ల మీద వేశారు. రెండింటిలోనూ ఎంతోకొంత నిజముంది. అయితే ఈ రెండూ లీగ్ చేతిలో లేని విషయాలు. ఏ మ్యాచ్‌ని ఏ రోజు, ఏ గంటకు, ఏ చానెల్‌లో పెట్టాలన్నది మాత్రం పూర్తిగా లీగ్ చేతిలోనే ఉంది. ఆ రెండేళ్లలో దాని గురించే తక్కువ మాట్లాడారు.

ఎన్‌ఎఫ్‌ఎల్ బలమంతా ఆదివారంలో ఉంది. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 ఆటలు ఆడుతుంది, బాస్కెట్‌బాల్‌లో 82. ఫుట్‌బాల్‌లో 2020 వరకూ 16 మాత్రమే. వారానికి ఒక్కసారి, అదీ చాలావరకు ఆదివారమే. చర్చి నుంచి ఇంటికొచ్చి, భోజనం కానిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీ ముందు కూర్చోవడం అక్కడ తరాలుగా వస్తున్న అలవాటు. ఆ ఒంటిగంట మ్యాచ్ మన దగ్గర రాత్రి పదిన్నరకు మొదలవుతుంది. నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక పదకొండున్నరకు. ఆదివారం రాత్రి మ్యాచ్ చూడాలంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సోమవారం తెల్లవారుజామున ఆరులోపే లేవాలి. డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. డల్లాస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఆ ఊళ్లోనే. అక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలకు క్రికెట్ కంటే ముందు వచ్చిన ఆట ఇదే.

ఈ ఆదివారం అలవాటు దానంతటదే నిలబడలేదు. దాని వెనక ఒక చట్టం ఉంది. 1961లో కెనడీ సంతకం చేసిన స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం, జట్లన్నీ కలిసి ప్రసార హక్కులను ఒకే మూటగా అమ్ముకునే వీలు కల్పించింది. బదులుగా ఒక షరతు పెట్టింది. తర్వాతి సవరణతో కలిపి చూస్తే ఆ షరతు సారం ఇది: సెప్టెంబర్ రెండో శుక్రవారం నుంచి డిసెంబర్ రెండో శనివారం దాకా శుక్రవారం సాయంత్రాలు హైస్కూల్ ఆటలకూ, శనివారాలు కాలేజీ ఆటలకూ వదిలేయాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ శనివారం మ్యాచ్‌లు డిసెంబర్ మధ్య నుంచే కనిపించడానికి కారణం ఇదే. ఒక పెద్ద లీగ్ చిన్న ఆటల పొట్ట కొట్టకుండా గీసిన గీత అది. మంచి గీత.

మిగిలిన రోజుల మీద మాత్రం ఏ అడ్డూ లేదు. 1970లో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ ఏబీసీ చానెల్‌తో కలిసి సోమవారం రాత్రి మ్యాచ్ మొదలుపెట్టాడు. వారానికి ఒకే ఒక్క రాత్రి, దేశమంతా చూసే ఒకే ఒక్క ఆట. అది పండగలా మారింది. 1987లో కేబుల్ చానెల్ ఈఎస్‌పీఎన్ ఆదివారం రాత్రిని తీసుకుంది. 2006లో లీగ్ తన సొంత చానెల్ ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్ కోసం సీజన్ చివర్లో కొన్ని గురువారం, శనివారం ఆటలు ఉంచుకుంది. ఆ చానెల్‌ని కేబుల్ ఆపరేటర్లు తీసుకోవాలంటే అందులో అసలు సరుకు ఉండాలి కదా. 2012కల్లా గురువారం రాత్రి ఆటలు దాదాపు సీజనంతా పాకాయి. 2014లో వాటిలో కొన్ని సీబీఎస్ చానెల్‌కు వెళ్లాయి, 2016లో సీబీఎస్, ఎన్‌బీసీ చానెళ్లు పంచుకున్నాయి. మరోపక్క లండన్ మ్యాచ్‌లు పెరిగి, 2014 నుంచి వాటిలో కొన్ని అమెరికా తూర్పు తీరంలో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకే మొదలయ్యాయి.

ఇక్కడే పిండి కొద్దీ రొట్టె అన్న మాట గుర్తుకు రావాలి. అప్పట్లో 32 జట్లు, 16 ఆటలు అంటే సీజన్‌కు 256 మ్యాచ్‌లు. గురువారానికి ఒకటి ఇస్తే ఆదివారం నుంచి ఒకటి తీసినట్టే. కొత్త స్లాట్‌తో లీగ్ కొత్త డబ్బు సంపాదించింది తప్ప, కొత్త ఆట ఏదీ పుట్టలేదు.

2016 సీజన్ ఎనిమిదో వారాన్ని విప్పి చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఆ వారం ఆరు జట్లకు విశ్రాంతి. కాబట్టి మొత్తం మ్యాచ్‌లు 13. అక్టోబర్ 27 గురువారం రాత్రి టెనెసీ టైటన్స్, జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఆడాయి. అప్పటికి రెండు జట్లకూ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఆ నగరాల వాళ్లకు తప్ప మిగతా దేశానికి ఆ మ్యాచ్‌తో పనిలేదు. అయినా ప్రతి జట్టూ ఒక గురువారం ఆడాలన్న పద్ధతి వల్ల ఇదే జోడీ వరుసగా మూడో ఏడాది గురువారం రాత్రి దేశం ముందుకు వచ్చింది. ఆదివారం ఉదయం లండన్ వెంబ్లీలో సిన్సినాటి, వాషింగ్టన్ జట్ల మ్యాచ్ 27-27తో టై అయింది. పసిఫిక్ తీరంలో అది మొదలయ్యేసరికి ఉదయం ఆరున్నర. ఆదివారం రాత్రి కౌబాయ్స్, ఈగల్స్ ఆట. సోమవారం రాత్రి షికాగో బేర్స్, మిన్నెసోటా వైకింగ్స్. బేర్స్ అప్పటికి ఒక్క ఆటే గెలిచారు. ఈ నాలుగూ తీసేస్తే ఆదివారం మధ్యాహ్నం రెండు విడతలకూ కలిపి మిగిలినవి తొమ్మిది. గురువారం, లండన్ స్లాట్లు లేకుంటే అవి పదకొండు ఉండేవి.

తొమ్మిదికీ పదకొండుకూ పెద్ద తేడా ఏముంది అనిపించవచ్చు. కానీ ఏ ఊళ్లో ఉన్నవాళ్లకైనా ఆ మధ్యాహ్నం తమ ప్రాంతపు చానెళ్లలో కనిపించేవి రెండో మూడో మ్యాచ్‌లే. అవి ఎంత బాగుంటాయన్నది ఎన్నింటిలోంచి ఏరుకుంటున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. తొమ్మిదిలో నాలుగు ఏకపక్షంగా సాగితే ఏరుకోవడానికి మిగిలేది కొంచెమే. పెరుగు అంతే ఉంచి నీళ్లు పోస్తూ పోతే మజ్జిగ పెరుగుతుంది, రుచి పోతుంది. ఇంకో సంగతి: ఆ ఆదివారం రాత్రి కౌబాయ్స్, ఈగల్స్ లాంటి బద్ధశత్రువుల మ్యాచ్ అదనపు సమయం దాకా వెళ్లింది. అయినా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఐదో ఆట దాని కంటే ఎక్కువ మందిని లాగింది. షికాగో కబ్స్ 1908 తర్వాత తొలి టైటిల్ కోసం ఆడుతున్న రోజులవి. ఎన్‌ఎఫ్‌ఎల్ వైపు బలహీనమైన గురువారాలూ, తొందరగా తేలిపోయిన మధ్యాహ్నాలూ చూసి విసిగిన ప్రేక్షకుడికి ఆ రాత్రి చానెల్ మార్చడం కష్టమనిపించలేదు.

ఈ ప్రమాదాన్ని ముందే చెప్పినవాళ్లు ఉన్నారు. 2014 మార్చిలో డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని మార్క్ క్యూబన్, ఎన్‌ఎఫ్‌ఎల్ ఆశకు పోయి వారంలో మరిన్ని రాత్రులకు పాకుతోందని, పదేళ్లలో అది బెడిసికొడుతుందని హెచ్చరించాడు. ఎదుటి ఆట యజమాని మాట కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పదేళ్లు గడిచాయి, లీగ్ కూలిపోలేదు. జోస్యం తప్పినా, దాని వెనక ఉన్న లెక్క మాత్రం తప్పు కాదు.

లెక్క అన్నాక, సగటు అనే అంకె చేసే మాయ గురించి ఆగి మాట్లాడుకోవాలి. రేటింగ్ అంటే టీవీ ఉన్న ఇళ్లలో ఎంత శాతం ఆ కార్యక్రమం చూశాయన్నది. సగటు వీక్షకులు అంటే ప్రసారం సాగినంతసేపూ ఏ నిమిషం తీసుకున్నా సగటున ఎంతమంది చూస్తున్నారన్నది. ఉదాహరణకు, ఒక రోజు రెండు మ్యాచ్‌లు చెరో రెండు కోట్ల మంది చూశారనుకుందాం. సగటు రెండు కోట్లు. మూడో మ్యాచ్‌కి వేరే స్లాట్ ఇచ్చి 80 లక్షల మందిని తెచ్చుకుంటే, మొత్తం చూసినవాళ్ల లెక్క పెరుగుతుంది, సగటు మాత్రం 1.6 కోట్లకు పడిపోతుంది. అందుకే సగటు తగ్గగానే జనం ఆటని వదిలేశారని చెప్పడం తప్పు. లీగ్ అధికారులు కూడా అప్పట్లో ఇలాంటి మాటే చెప్పారు: మ్యాచ్‌ని ఎంతో కొంత చూసినవాళ్ల సంఖ్య అంతగా తగ్గలేదని, ఒక్కొక్కరు చూసే నిమిషాలే తగ్గాయని. దాన్ని ఊరట మాటగా తీసుకోలేం. జనం వచ్చి చూసి వెళ్లిపోతున్నారంటే, వాళ్లను కూర్చోబెట్టే సత్తా ఆ ఆటకు లేదనే కదా అర్థం.

వెళ్లిపోవడానికి షెడ్యూలు ఒక్కటే కారణమని చెప్పడం కూడా నిజాయతీ కాదు. కేబుల్ కనెక్షన్లు వదిలేసేవాళ్లు పెరిగారు. 2011 ప్రాంతంలో సుమారు 10 కోట్ల ఇళ్లకు చేరిన ఈఎస్‌పీఎన్ 2017కల్లా 9 కోట్ల కిందికి వచ్చింది. మిగతా టీవీ కార్యక్రమాలన్నీ కూడా అదే సమయంలో జారుతున్నాయి. 2009లో వచ్చిన రెడ్‌జోన్ చానెల్, అన్ని మ్యాచ్‌ల కీలక ఘట్టాలనూ ఒకేచోట చూపిస్తూ ఒకే ఆటకు అతుక్కునే అలవాటును కొంత తగ్గించింది. పేటన్ మానింగ్ 2016 మార్చిలో రిటైరయ్యాడు, టామ్ బ్రేడీ ఆ సీజన్ తొలి నాలుగు ఆటలు సస్పెన్షన్‌లో ఉన్నాడు, 2017లో ఆరన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ (మెడ కింది ఎముక) విరిగి చాలా వారాలు దూరమయ్యాడు. పెద్ద పేరు లేని ఆటను తటస్థ ప్రేక్షకుడు ఎందుకు చూస్తాడు?

మోకాలి నిరసన విషయానికొస్తే, కొంతమంది కోపంతో టీవీ కట్టేసిన మాట నిజం. 2017 సెప్టెంబర్‌లో ట్రంప్ అలబామా సభలో ఆటగాళ్లను తిట్టాక ఆ గొడవ తారస్థాయికి చేరింది. కానీ 2018లోనూ అది చల్లారలేదు. సీజన్ మొదలవుతూనే నైకీ సంస్థ ఆ నిరసన మొదలుపెట్టిన ఆటగాడు కోలిన్ కేపర్నిక్‌తో ప్రకటన తీసి మళ్లీ రచ్చకు తెర లేపింది. అదే సీజన్‌లో వీక్షకుల సగటు 1.58 కోట్లకు, అంటే 5 శాతం పైగా పెరిగింది. నిరసనే అసలు కారణమైతే ఈ పెరుగుదల ఎలా వచ్చిందో చెప్పడం కష్టం.

2018లో మారింది ఏమిటి? గురువారం రాత్రి హక్కులు ఫాక్స్‌కు వెళ్లాయి, ఆ రాత్రికి వచ్చే జోడీలు మెరుగుపడ్డాయి. కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టులో యువ తార ప్యాట్రిక్ మహోమ్స్ తొలిసారి పూర్తి సీజన్ ఆడాడు. నవంబర్ 19 సోమవారం రాత్రి, మెక్సికో సిటీ మైదానంలో గడ్డి పాడైందని లాస్ ఏంజెలిస్‌కు మార్చిన మ్యాచ్‌లో రామ్స్ 54-51తో చీఫ్స్‌ను ఓడించింది. సోమవారం రాత్రి అంటే నీరసం అనుకుంటున్న కాలంలో ఆ ఒక్క ఆట ఆ మాటను తుడిచేసింది. రాత్రి అదే, చానెల్ అదే, ఆట వేరు.

గురువారం సంగతి కూడా అంతే. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ రోజు డెట్రాయిట్ 1934 నుంచి, డల్లాస్ 1966 నుంచి దాదాపు ఏటా ఆడుతున్నాయి. 2022లో ఆ గురువారం మధ్యాహ్నం కౌబాయ్స్, జెయింట్స్ మ్యాచ్‌ని సగటున 4.2 కోట్ల మంది చూశారు. అదే ఏడాది వారం వారం గురువారం రాత్రి మ్యాచ్‌లను ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లకు కొనుక్కున్న అమెజాన్ ప్రైమ్‌కు దక్కిన సగటు 96 లక్షలు. అమెజాన్ కొత్త వేదిక కావడం ఆ తేడాలో కొంత భాగం. ఆ తర్వాత రెండేళ్లలో దాని అంకె పెరుగుతూ వచ్చింది కూడా. మిగతా తేడా అంతా జనం జీవితంలోంచే వస్తుంది. ఒక గురువారం ఇల్లంతా ఒకచోట కూడి ఉంటుంది. మిగతా గురువారాల్లో మర్నాడు పొద్దున్నే ఆఫీసు, పిల్లలకు స్కూలు. ఐపీఎల్‌లో వారాంతం మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌కీ, రాత్రి ఏడున్నర మ్యాచ్‌కీ ఉండే తేడా తెలిసిన తెలుగు పాఠకులకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

లీగ్ కూడా ఇది గ్రహించింది. అయితే స్లాట్లు తగ్గించలేదు, మ్యాచ్‌లను మార్చుకునే అధికారం పెంచుకుంది. ఆదివారం రాత్రి మ్యాచ్‌ని సీజన్ మధ్యలో మార్చే ఫ్లెక్స్ పద్ధతి 2006 నుంచే ఉంది. 2023లో దాన్ని సోమవారానికీ, పరిమితంగా గురువారానికీ చాపారు. అప్పట్లో సోమవారానికి 12 రోజుల ముందు, గురువారానికి 28 రోజుల ముందు చెబితే చాలన్నారు. ఆ డిసెంబర్‌లో సోమవారం నుంచి చీఫ్స్, పేట్రియట్స్ మ్యాచ్‌ని తీసి ఈగల్స్, సీహాక్స్ మ్యాచ్‌ని పెట్టారు. టీవీ ముందున్నవాళ్లకు అది లాభమే.

స్టేడియానికి వెళ్లేవాళ్లకు మాత్రం ఇది అన్యాయం. నాలుగైదు నెలల ముందు టికెట్టు కొని, విమానం, హోటల్ బుక్ చేసుకుని, ఆదివారం అనుకున్న ప్రయాణం గురువారానికి మారితే సెలవు ఎవరిస్తారు? ఆ డబ్బు ఎవరు వెనక్కిస్తారు? జెయింట్స్ యజమాని జాన్ మారా 2023 మార్చి సమావేశంలో ఇదే వాదించి, స్టేడియానికి వచ్చే అభిమానుల మీద ఇది దౌర్జన్యమని అన్నాడు. మార్చిలో ఆగిన ఆ గురువారం ప్రతిపాదన మేలో 24 ఓట్లతో, కావాల్సినన్నింటితో సరిగ్గా, గట్టెక్కింది. ఆటగాళ్ల బాధ ఇంకోటి. ఆదివారం ఒళ్లు హూనం చేసుకుని నాలుగో రోజే మళ్లీ దిగాలి. గురువారం ఆటల మీద ముందునుంచీ మండిపడుతూ వచ్చిన రిచర్డ్ షెర్మన్‌కు 2017 నవంబర్‌లో మడమ వెనక స్నాయువు తెగింది గురువారం రాత్రి మ్యాచ్‌లోనే. 2024 క్రిస్మస్ బుధవారం పడితే, నెట్‌ఫ్లిక్స్ కోసం ఆ రోజూ రెండు మ్యాచ్‌లు పెట్టారు. చీఫ్స్ జట్టు డిసెంబర్ 15, 21, 25 తేదీల్లో, 11 రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది.

ఇప్పుడు అంకెలు మళ్లీ పైకి వచ్చాయి. 2023లో సగటు 1.79 కోట్లు, అచ్చంగా 2015 అంకె. పోయిన ప్రేక్షకులంతా తిరిగొచ్చారని చాలామంది రాశారు. ఆ మాట జాగ్రత్తగా వినాలి. టీవీ ప్రేక్షకులను లెక్కించే నీల్సన్ సంస్థ 2020 నుంచి బార్లలో, రెస్టారెంట్లలో, స్నేహితుల ఇళ్లలో చూసినవాళ్లను కూడా ఈ జాతీయ లెక్కలో కలుపుతోంది. 2015 అంకెలో వాళ్లు లేరు. అప్పుడూ బార్లలో జనం చూశారు, లెక్కలోకి రాలేదంతే. 2025లో ఇళ్లలో చూసే లెక్కకు సెట్‌టాప్ బాక్సులు, స్మార్ట్ టీవీల సమాచారాన్ని కూడా జోడించారు. కొలబద్ద మారినప్పుడు పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టి పెరిగిందనడం న్యాయం కాదు. మిగతా టీవీ అంతా కుంగుతున్నా ఎన్‌ఎఫ్‌ఎల్ నిలబడిందన్నది ఒప్పుకోవాల్సిందే. 2023లో అమెరికాలో అత్యధికులు చూసిన వంద ప్రసారాల్లో 93 ఈ లీగ్ మ్యాచ్‌లే. 2016లో జారిపోయినవాళ్లంతా వెనక్కి వచ్చారనడానికి మాత్రం ఆ అంకెలు సాక్ష్యం కావు. ఎన్నికల ఏడాది ప్రభావం కూడా ఇంకా పోలేదు: 2020లో సుమారు 7 శాతం, 2024లో 2 శాతం తగ్గుదల నమోదైంది.

2021లో 17వ ఆట వచ్చింది, సీజన్ 18 వారాలకు సాగింది, మ్యాచ్‌లు 272 అయ్యాయి. అదే ఏడాది 2033 దాకా కుదిరిన ప్రసార ఒప్పందాల విలువ సుమారు 11,000 కోట్ల డాలర్లు. వాటిలో చాలావాటిని 2029 సీజన్ తర్వాత తిరగరాసుకునే వీలు లీగ్‌కు ఉంది. 18వ ఆట గురించి మాటలు ఇప్పటికే నడుస్తున్నాయి. అది వస్తే మరో 16 మ్యాచ్‌లు చేతికొస్తాయి. వాటిని ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి ఇస్తారా, కొత్త రాత్రులకు, కొత్త యాప్‌లకు అమ్ముతారా అన్నది వచ్చే ఒప్పందాల్లో తేలుతుంది.